వర్క్ పర్మిట్ కాగితం చదవడం ఎలా? విదేశీ ఉద్యోగానికి సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

నాకు తెలిసిన ఒక వెల్డర్ ఒకరోజు ఫోన్‌లో రెండు పీడీఎఫ్‌లు పంపాడు. మొదటిది ఆఫర్ లెటర్. వెల్డర్ ఉద్యోగం, జీతం, ఓవర్‌టైమ్, ఏడాదికోసారి సెలవు, అన్నీ బాగానే ఉన్నాయి. రెండోది ఏజెంట్ ఇచ్చిన వర్క్ పర్మిట్ కాపీ. అందులో పాస్‌పోర్ట్ నంబర్ కింద 'వృత్తి' అన్న గడిలో, చిన్న అక్షరాల్లో, 'లోడింగ్ కార్మికుడు' అని ఉంది. ఆ కాగితం అతని దగ్గరికి వచ్చి అప్పటికే వారం. పేరు చూసుకున్నాడు, ఫొటో చూసుకున్నాడు, తేదీలు చూసుకున్నాడు. ఆ ఒక్క గడి చూడలేదు.

ఆ దేశంలో దిగాక కార్మిక శాఖ తనిఖీకి వచ్చినా, జీతం దగ్గర తగాదా వచ్చినా, ముందు అడిగేది పర్మిట్. అందులో లోడింగ్ అని ఉంటే చట్టం లెక్కలో అతను లోడింగ్ మనిషే. వెల్డింగ్ చేస్తూ దొరికితే తప్పు అతని మీదికి కూడా వస్తుంది. అతను సంతకం పెట్టకుండా కాగితం వెనక్కి పంపించాడు. సరిచేసిన పర్మిట్ రావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఇంట్లో అందరికీ టెన్షనే. అయినా ఎక్కే ముందు పడ్డ టెన్షన్ కాబట్టి సరిపోయింది.

చాలామంది ముందు దేశం చూస్తారు, తర్వాత జీతం చూస్తారు, పర్మిట్ ఏ రకమన్నది చివర్లో ఏజెంటుకు వదిలేస్తారు. నేను అడిగేవాళ్లందరికీ దీన్ని తిరగేయమనే చెబుతాను. ఉద్యోగం పోయిన మర్నాడు ఈ పర్మిట్‌తో నేను ఎక్కడ ఉంటాను అన్న ప్రశ్న ముందు వేసుకోండి. దానికి జవాబు దొరికితే మిగతా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి. ఆ జవాబు ఎలా పట్టుకోవాలో వరసగా చెబుతాను.

1. మూడు కాగితాలను విడదీయండి

వీసా, వర్క్ పర్మిట్, రెసిడెన్స్ పర్మిట్. మాటల్లో అన్నింటినీ 'వీసా' అనేస్తాం. చట్టంలో మాత్రం ఇవి మూడు వేరు. వీసా అంటే దేశంలోకి రానివ్వడం. వర్క్ పర్మిట్ అంటే పని చేయనివ్వడం. రెసిడెన్స్ పర్మిట్ అంటే ఉండనివ్వడం. కొన్ని దేశాలు రెండింటిని కలిపి ఒకే కార్డు ఇస్తాయి. యూరోపియన్ యూనియన్‌లో చాలా దేశాలు ఇచ్చే సింగిల్ పర్మిట్ అలాంటిదే, ఉండే హక్కు, పని హక్కు రెండూ అందులోనే ఉంటాయి. కొన్ని దేశాలు ఒకదాని తర్వాత ఒకటి ఇస్తాయి. సింగపూర్‌లో ముందు ప్రాథమిక ఆమోదం లేఖ వస్తుంది, అది పట్టుకుని దేశంలోకి వెళ్లాక అసలు పాస్ జారీ అవుతుంది. జపాన్‌లో ముందు అర్హతా పత్రం, దాని ఆధారంగా వీసా, దిగాక రెసిడెన్స్ కార్డు. సౌదీలో వీసా మీద దిగాక ఇఖామా, అంటే అక్కడి రెసిడెన్స్ పర్మిట్, తీస్తారు. ఇఖామా తీయించే బాధ్యత యజమానిది.

ఈ తేడా తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. అమెరికాలో పాస్‌పోర్ట్ మీద కొట్టిన వీసాకు ఒక గడువు, ఐ-94 అనే ఎంట్రీ రికార్డుకు ఇంకో గడువు ఉంటాయి. ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది రెండోది. స్టాంపు మీద ఇంకా ఏడాది ఉందని ధీమాగా ఉండి, ఐ-94 తేదీ దాటిపోతే అది ఓవర్‌స్టేనే. చట్టవిరుద్ధంగా 180 రోజులు దాటి ఉండి వెళ్లిపోతే 3 ఏళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉంటే 10 ఏళ్లు మళ్లీ రానివ్వరు.

విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరండి, తర్వాత మార్పిస్తాం అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. విజిట్ వీసా మీద వెళ్లి ఇంటర్వ్యూలకు హాజరు కావడం కొన్ని దేశాల్లో తప్పు కాదు. పర్మిట్ చేతికి రాకుండా పనిలో దిగడం దాదాపు అన్నిచోట్లా తప్పే. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయపడే పరిస్థితి అక్కడే మొదలవుతుంది.

అసలు పర్మిట్ అక్కర్లేని వాళ్లూ ఉన్నారు. యూరోపియన్ యూనియన్ పౌరులు ఒక సభ్య దేశం నుంచి ఇంకో దానికి వెళ్లి పని చేసుకోవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పౌరులు ఒకరి దేశంలో ఒకరు పని చేయవచ్చు. మీకో, మీ జీవిత భాగస్వామికో అలాంటి పౌరసత్వం ఉంటే ముందు ఆ దారి చూడండి.

2. ఈ పర్మిట్ ఎవరి మీద ఆధారపడి ఉందో తేల్చండి

పేర్లు వందల్లో ఉంటాయి. వాటిని గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఏ పర్మిట్‌నైనా ఒకే మాట అడగండి: నువ్వు ఎవరి భుజం మీద నిలబడి ఉన్నావు?

ఎక్కువమందికి వచ్చేది యజమాని మీద నిలబడేది. అమెరికా హెచ్-1బి, బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసా, ఆస్ట్రేలియా 482 వీసా, సింగపూర్ పాస్‌లు, గల్ఫ్ దేశాల కంపెనీ వీసాలు, కెనడాలో ఫలానా యజమానికే పరిమితమైన పర్మిట్, అన్నీ ఈ కోవలోవే. ఇక్కడ దరఖాస్తులో సగం మీ చేతిలో ఉండదు. ముందు కంపెనీ కదలాలి. ఉద్యోగం ఉన్నంతవరకే పర్మిట్‌కు ప్రాణం. ఒకవేళ బహుళజాతి సంస్థలో ఇప్పటికే పని చేస్తుంటే ఒక దేశం ఆఫీసు నుంచి ఇంకో దేశం ఆఫీసుకు మార్చే దారి ఉంటుంది. అమెరికాలో దాన్ని ఎల్-1 అంటారు. మేనేజర్లు, ఎగ్జిక్యూటివ్‌లకు మొత్తం 7 ఏళ్లు, ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగులకు 5 ఏళ్లు. హెచ్-1బికి ఉన్నట్టు లాటరీ ఉండదు. కానీ ఆ కంపెనీని వదిలితే పర్మిట్ కూడా పోయినట్టే.

రెండో రకం మీ అర్హతల మీద నిలబడేది. చదువు, అనుభవం, వయసు, భాష, ఒక్కోదానికి పాయింట్లు వేస్తారు. ఆస్ట్రేలియా 189 వీసాకు స్పాన్సర్ అక్కర్లేదు, అది నేరుగా శాశ్వత నివాసమే. కనీసం 65 పాయింట్లు ఉంటేనే పోటీలోకి వస్తారు, పిలుపు రావాలంటే సాధారణంగా అంతకంటే చాలా ఎక్కువ కావాలి. జర్మనీ 2024 జూన్ 1న ఆపర్చ్యూనిటీ కార్డు మొదలుపెట్టింది. విదేశీ డిగ్రీ గానీ వృత్తి శిక్షణ గానీ ఉండి, పాయింట్ల పట్టికలో కనీసం 6 తెచ్చుకుంటే, ఏడాది వరకు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. ఆ ఏడాదీ బతకడానికి డబ్బు ఉందని ముందే చూపించాలి. ఉద్యోగం దొరక్కపోతే తిరిగి రావాల్సిందే. కాబట్టి ఆ డబ్బు అప్పు తెచ్చింది కాకుండా చూసుకోండి. ఇది నా గట్టి అభిప్రాయం.

మూడో రకం చదువు మీద గానీ కుటుంబం మీద గానీ నిలబడేది. అక్కడే చదివినవారికి కెనడా 3 ఏళ్ల వరకు ఓపెన్ పర్మిట్, అంటే ఏ యజమాని దగ్గరైనా పని చేసుకోగల పర్మిట్, ఇస్తుంది. అమెరికాలో చదువు తర్వాత 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సులకు ఇంకో 24 నెలలు పని చేయవచ్చు. బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ వీసా ఇప్పుడు 2 ఏళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం 3 ఏళ్లు. వీటికున్న పెద్ద సుఖం యజమానిని మార్చుకునే స్వేచ్ఛ. పెద్ద కష్టం, మామూలుగా వీటిని మళ్లీ పొడిగించరు. ఆ గడువులోపే వేరే పర్మిట్‌లోకి దూకాలి.

నాలుగోది ప్రభుత్వాల ఒప్పందాల మీద, సీజన్ పనుల మీద నడిచేది. దక్షిణ కొరియా 2004 నుంచి విదేశీ కార్మికులను తీసుకునే ఈపీఎస్ అనే పథకం నడుపుతోంది. ఎంపిక చేసిన దేశాలతో ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికే ఒప్పందం, కొరియన్ భాషా పరీక్ష, ఈ-9 వీసా. మధ్యలో ప్రైవేటు ఏజెంటుకు చోటు లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని కొరియా ఈపీఎస్ ఇప్పిస్తానంటే అది అబద్ధమని ఆ ఒక్క ముక్కతోనే తెలిసిపోతుంది. జపాన్ 2019 ఏప్రిల్‌లో స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ విధానం తెచ్చింది. అందులో మొదటి రకానికి మొత్తం 5 ఏళ్లు. అదే రంగంలో కంపెనీ మారవచ్చు. బ్రిటన్ తోట పనులకు 6 నెలల సీజనల్ వీసా ఇస్తుంది. అమెరికాలో పొలం పనులకు హెచ్-2ఏ, వ్యవసాయం కాని సీజన్ పనులకు హెచ్-2బి.

డిజిటల్ నోమాడ్ వీసా పేరు ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఇంకో దేశంలోని కంపెనీకి ఆన్‌లైన్‌లో పని చేస్తూ ఇక్కడ ఉంటామనేవాళ్లకు అది. దాన్ని పట్టుకుని స్థానిక కంపెనీలో చేరడం సాధారణంగా కుదరదు.

3. కంపెనీ తన వంతు చేసిందో లేదో రుజువు అడగండి

యజమాని మీద నిలబడే పర్మిట్ అయితే ఇది తప్పనిసరి. "ప్రాసెసింగ్‌లో ఉంది" అన్న మాటకు ఏ విలువా లేదు. ఏ ప్రాసెస్, ఏ నంబర్, ఏ తేదీ, ఈ మూడూ అడగండి.

బ్రిటన్‌లో కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ ఉండాలి, తర్వాత మీ పేరు మీద స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ నంబర్ తీయాలి. లైసెన్స్ ఉన్న సంస్థల జాబితాను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. న్యూజిలాండ్‌లో మూడు దశలు: కంపెనీకి గుర్తింపు, ఆ ఉద్యోగానికి జాబ్ చెక్, ఆ తర్వాతే మీ వీసా. కెనడాలో చాలా ఉద్యోగాలకు స్థానికులు దొరకలేదని తేల్చే ఎల్‌ఎంఐఏ అనే ఆమోదం కంపెనీ తెచ్చుకోవాలి. నిబంధనలు తప్పిన యజమానుల పేర్లను కూడా కెనడా ప్రభుత్వం బయటపెడుతుంది. ఆఫర్ వచ్చిన రోజే ఆ జాబితాలో కంపెనీ పేరు ఉందేమో వెతకండి. పది నిమిషాల పని.

హెచ్-1బి సంగతి వేరు. కంపెనీ ఎంత మంచిదైనా చాలదు. ఏడాదికి 65,000 వీసాలే, అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు పైన చదివినవారికి ఇంకో 20,000. మార్చిలో రిజిస్ట్రేషన్, లాటరీలో ఎంపికైతే పిటిషన్, పని మొదలయ్యేది అక్టోబర్ 1 తర్వాత. 2025 సెప్టెంబర్ 21 నుంచి దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లకు 1,00,000 డాలర్లు చెల్లించాలని అధ్యక్షుడి ప్రకటన కూడా వచ్చింది. అంటే రెండు రోజుల ముందు సంతకమైన ప్రకటన అప్పటిదాకా వేసుకున్న లెక్కలన్నీ మార్చేసింది. అందుకే ఏ నిబంధననైనా దరఖాస్తు వేసే రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోమంటాను. ఏడాది కిందట వెళ్లిన స్నేహితుడి అనుభవం ధైర్యం ఇస్తుంది గానీ, నిబంధన చెప్పదు.

4. ఉద్యోగం పేరు, జీతం, రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉన్నాయా?

ఆఫర్ లెటర్, పర్మిట్, రెండూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చదవండి. ఉద్యోగం పేరు, వృత్తి కోడ్, పని చేసే ఊరు, వారానికి గంటలు, జీతం, ఎప్పటినుంచి ఎప్పటివరకు. ఒక్క గడి తేడా ఉన్నా రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో సర్దిచెబితే ఒప్పుకోకండి, ఈమెయిల్‌లో జవాబు రావాలి.

జీతం దగ్గర కాస్త నిదానించాలి. చాలా దేశాలు పర్మిట్‌కు కనీస జీతం పెట్టాయి. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్‌కు సాధారణ హద్దు 2025 జూలై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు, ఆ వృత్తికి మామూలుగా ఉండే రేటు అంతకంటే ఎక్కువైతే ఆ రేటు ఇవ్వాలి. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు 2025 జనవరి నుంచి నెలకు కనీసం 5,600 సింగపూర్ డాలర్లు, ఆర్థిక సేవల రంగంలో 6,200. వయసు పెరిగేకొద్దీ ఈ హద్దు పెరుగుతుంది. దానితోపాటు కంపాస్ అనే పట్టికలో 40 పాయింట్లు రావాలి. యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాలు నిపుణులకు ఇచ్చే బ్లూ కార్డుకు ఆ దేశంలో సగటు జీతానికి 1 నుంచి 1.6 రెట్ల మధ్య ప్రభుత్వం హద్దు పెడుతుంది, కనీసం 6 నెలల కాంట్రాక్టు ఉండాలి.

అయితే హద్దు లెక్కలోకి వచ్చేది ఏ జీతం? బ్రిటన్‌లో గ్యారంటీగా ఇచ్చే మూల జీతమే లెక్క. ఓవర్‌టైమ్, బోనస్, ఇంటి అద్దె భత్యం కలపకూడదు. అన్నీ కలిపి హద్దు దాటిందని చూపించిన ఆఫర్ అక్కడ చెల్లదు. ఇంకోవైపు చూడండి. యూఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మూల జీతం మీదే కడతారు, మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. ఇద్దరికీ నెలకు 5,000 దిర్హమ్‌లే అనుకుందాం. ఒకరికి మూల జీతం 4,000, ఇంకొకరికి 2,000, మిగతాది భత్యం. నెలనెలా ఇంటికి పంపే డబ్బులో తేడా కనపడదు. 5 ఏళ్ల తర్వాత రెండో మనిషి చేతికి వచ్చే గ్రాట్యుటీ మొదటివాడిదాంట్లో సగమే. ఆఫర్ లెటర్‌లో మొత్తం అంకె కింద ఉండే ఆ చిన్న పట్టికను వదిలేయకండి.

5. మీ చదువును, లైసెన్సును ఆ దేశం గుర్తిస్తుందా?

సాఫ్ట్‌వేర్, అకౌంట్స్ లాంటి పనులకు డిగ్రీ గుర్తింపు చాలు. నర్సులు, డాక్టర్లు, టీచర్లు, చాలాచోట్ల ఎలక్ట్రీషియన్లు కూడా లైసెన్స్ లేకుండా పని చేయకూడదు. పర్మిట్ వచ్చినంత మాత్రాన లైసెన్స్ వచ్చినట్టు కాదు. కెనడాలో ఇమిగ్రేషన్ కోసం చేయించే డిగ్రీ మదింపు వేరు, రాష్ట్రం ఇచ్చే వృత్తి లైసెన్స్ వేరు. బ్రిటన్‌లో నర్సు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చేరాలంటే ఒక కంప్యూటర్ పరీక్ష, తర్వాత ప్రాక్టికల్ పరీక్ష రాయాలి. జర్మనీలో మీ యూనివర్సిటీ, మీ డిగ్రీ స్థాయి అనాబిన్ డేటాబేస్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

సర్టిఫికెట్ల ధ్రువీకరణకు ముందుగానే సమయం పెట్టుకోండి. 1961 హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే అపోస్టిల్ అనే ఒక్క ధ్రువీకరణ ముద్ర చాలు, లేకపోతే ఎంబసీ దాకా వెళ్లాలి. ఐఈఎల్‌టీఎస్ లాంటి భాషా పరీక్షల స్కోరు సాధారణంగా 2 ఏళ్లే చెల్లుతుంది, తొందరపడి ముందే రాసేస్తే మళ్లీ రాయాల్సి వస్తుంది. పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో డిగ్రీలో, అనుభవ పత్రాల్లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

6. ఉద్యోగం పోయిన మర్నాడు

మొదట అడగమన్న ప్రశ్న ఇదే. దీనికి దేశాన్ని బట్టి, పర్మిట్‌ను బట్టి జవాబు మారుతుంది. ఆ తేడాలు చూస్తే రెండు ఆఫర్లలో ఏది మెరుగో జీతం చూడకముందే తెలుస్తుంది.

హెచ్-1బి మీద ఉన్నవారికి 60 రోజుల వరకు సమయం ఉంటుంది, ఐ-94 అంతకుముందే ముగిస్తే అంతవరకే. ఈలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, అది వేసిన దగ్గరనుంచే అక్కడ పని మొదలుపెట్టవచ్చు, ఆమోదం కోసం ఆగక్కర్లేదు. బ్రిటన్‌లో కంపెనీ మీ స్పాన్సర్‌షిప్ ఆపేస్తే హోం ఆఫీసు మీ వీసా కాలాన్ని సాధారణంగా 60 రోజులకు కుదిస్తుంది. వీసాకు అంతకంటే తక్కువే మిగిలి ఉంటే అదే గడువు. అక్కడ కొత్త ఉద్యోగానికి కొత్త దరఖాస్తు వేసి, ఆమోదం వచ్చాకే చేరాలి. ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి దీన్ని బాగా సడలించింది. స్పాన్సర్‌ను వదిలాక ఒక్కోసారి 180 రోజుల వరకు, వీసా కాలం మొత్తంలో 365 రోజుల వరకు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవచ్చు, ఈలోపు వేరే పని చేసుకోవచ్చు కూడా. ఈయూ బ్లూ కార్డు మీద 2 ఏళ్లు నిండకపోతే 3 నెలల నిరుద్యోగాన్ని, నిండితే 6 నెలలను సహిస్తారు. కెనడాలో యజమానికే పరిమితమైన పర్మిట్ ఉంటే, దాని గడువు వరకు దేశంలో ఉండవచ్చు గానీ ఇంకొకరి దగ్గర పని చేయాలంటే వేరే అనుమతి కావాలి. సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దయితే సాధారణంగా 30 రోజుల విజిట్ పాస్ ఇస్తారు.

కొరియా ఈ-9 లో మొదటి 3 ఏళ్లలో పని చోటు మార్చుకోవడానికి 3 సార్లే అవకాశం, అదీ చెల్లుబాటయ్యే కారణంతో. ఖతార్ 2020లో యజమాని నుంచి నో ఆబ్జెక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్న నిబంధనను ఎత్తేసింది. నోటీసు ఇచ్చి కంపెనీ మారే హక్కు అప్పటినుంచి చట్టంలో ఉంది.

ఇవన్నీ చదివాక ఒక కాగితం తీసి నాలుగు జవాబులు రాసుకోండి. ఉద్యోగం పోతే నాకు ఎన్ని రోజులు? ఆ రోజులు ఏ తేదీనుంచి లెక్క, చివరి పని దినం నుంచా, ప్రభుత్వం ఉత్తరం ఇచ్చిన రోజునుంచా? కొత్త యజమాని ఏమేం చేయాలి, దానికి ఎంత సమయం పడుతుంది? ఈలోపు నేను పని చేయవచ్చా? ఆ రోజుల్లో జీతం లేకుండా బతకడానికి, టికెట్ కొనుక్కోవడానికి సరిపడా డబ్బు పక్కన పెట్టలేకపోతే, ఆ పర్మిట్ మీ స్థోమతకు మించింది.

యజమాని హింసిస్తుంటే? కొన్ని దేశాలు దీనికీ దారి పెట్టాయి. కెనడా 2019 నుంచి, వేధింపులకు గురవుతున్న విదేశీ కార్మికులకు ఓపెన్ పర్మిట్ ఇస్తోంది. ఇలాంటిది మీరు వెళ్లే దేశంలో ఉందేమో వెళ్లకముందే తెలుసుకుని ఉంచుకోండి. అవసరం పడ్డాక వెతకడం చాలా కష్టం.

7. డబ్బు ఎవరు కట్టాలి, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉండాలి

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందం, 7వ అధికరణ ప్రకారం ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుల దగ్గర ఫీజు వసూలు చేయకూడదు. కొన్ని మినహాయింపులున్నా సూత్రం అదే. అన్ని దేశాలూ దానిమీద సంతకం పెట్టలేదు. అయినా చాలా దేశాలు తమ చట్టాల్లో అలాంటి మాటే రాసుకున్నాయి. అమెరికాలో హెచ్-2ఏ, హెచ్-2బి కార్మికుల దగ్గర నియామకం కోసం డబ్బు తీసుకోవడం నిషేధం. కెనడాలో ఎల్‌ఎంఐఏ కోసం ఒక్కో ఉద్యోగానికి 1,000 కెనడియన్ డాలర్లు యజమానే కట్టాలి, మీ దగ్గర రాబట్టకూడదు. బ్రిటన్‌లో కంపెనీ ప్రభుత్వానికి కట్టే ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జిని మీమీదికి నెట్టకూడదు. సింగపూర్‌లో విదేశీ కార్మికుడి మీద కట్టే లెవీ యజమానిదే. న్యూజిలాండ్‌లో ఉద్యోగం ఇచ్చినందుకు డబ్బు అడగడమే చట్టవిరుద్ధం.

కాబట్టి డబ్బు అడిగినప్పుడు అది దేనికో విడగొట్టి రాసివ్వమనండి. మీ వీసా దరఖాస్తు ఫీజు, వైద్య పరీక్ష, పోలీస్ క్లియరెన్స్ లాంటివి మీరే కట్టాల్సి రావచ్చు, అవి దేశాన్ని బట్టి ఉంటాయి. వాటికి ప్రభుత్వ రసీదు ఉంటుంది. 'ఆఫర్ లెటర్ ఛార్జి', 'స్పాన్సర్‌షిప్ ఛార్జి' అని రసీదు లేకుండా అడిగితే అది మోసమో, చట్టవిరుద్ధమో, తరచూ రెండూను.

గల్ఫ్‌లో 'ఫ్రీ వీసా' లేదా 'ఆజాద్ వీసా' అని ఒక మాట ఉంది. ఒకరి పేరు మీద వీసా తీసుకుని, బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చని అమ్ముతారు. ఆ పేరుతో చట్టంలో ఏ వీసా లేదు. కాగితం మీద ఉన్న స్పాన్సర్ మీకు పని ఇవ్వడు, పని ఇచ్చేవాడికి మీ మీద బాధ్యత లేదు. తనిఖీలో పట్టుబడితే జైలు, జరిమానా, వెనక్కి పంపడం, అన్నీ మీకే. దీనికోసం భూమి తాకట్టు పెట్టినవాళ్లను చూశాను. మీ ఇంట్లో ఎవరు దీనికి సిద్ధపడుతున్నా అడ్డం పడండి.

పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉండాలి. వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990 ఒప్పందం, చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వ అధికారి తప్ప ఇంకెవరూ ఒకరి గుర్తింపు పత్రాలను లాక్కోకూడదంటుంది. కంపెనీ 'భద్రత కోసం' అడిగితే, నా దగ్గరే ఉంచుకుంటాను అని చెప్పండి. స్టాంపింగ్ కోసం ఇవ్వక తప్పకపోతే ఇచ్చినట్టు, ఎప్పుడు తిరిగి ఇస్తారో రాయించుకోండి.

సలహా ఇచ్చేవాళ్లకూ లైసెన్స్ ఉంటుందని చాలామందికి తెలియదు. కెనడాలో ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీ, ఆస్ట్రేలియాలో మైగ్రేషన్ ఏజెంట్ల రిజిస్ట్రేషన్ అథారిటీ, బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ, వీటి రిజిస్టర్లలో పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ మనిషి ఎంత మర్యాదగా మాట్లాడినా సంతకం చేయకండి.

8. కుటుంబం సంగతి ముందే తేల్చుకోండి

భార్య గానీ భర్త గానీ రావచ్చా, వస్తే పని చేయవచ్చా, ఇవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. అమెరికాలో ఎల్-1 ఉద్యోగి జీవిత భాగస్వామికి పని హక్కు ఆ హోదాతోనే వస్తుంది. హెచ్-1బి వారి భాగస్వామికి అలా రాదు, గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటాకే విడిగా అనుమతి అడగాలి. జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ మొదటి రకంలో కుటుంబాన్ని తీసుకెళ్లలేరు, రెండో రకంలో వెళ్లగలరు. బ్రిటన్‌కు 2024 మార్చి 11 తర్వాత కేర్ వర్కర్లుగా వెళ్లినవారు డిపెండెంట్లను తీసుకెళ్లలేకపోయారు, 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి ఆ ఉద్యోగాలకు తీసుకోవడమే ఆపేశారు.

అక్కడే స్థిరపడాలనుకుంటే, ఈ పర్మిట్ మీద గడిపే కాలం శాశ్వత నివాసానికి లెక్కలోకి వస్తుందో లేదో చూడండి. జర్మనీలో బ్లూ కార్డు మీద 27 నెలలు పని చేస్తే, బీ1 స్థాయి (మధ్యస్థ స్థాయి) జర్మన్ వస్తే 21 నెలలకే, శాశ్వత నివాసం అడగవచ్చు. సీజనల్ పర్మిట్ల మీద ఎన్నేళ్లు వెళ్లివచ్చినా సాధారణంగా ఆ లెక్క మొదలే కాదు.

9. దరఖాస్తు, ఆ తర్వాత దిగిన మొదటి వారం

దరఖాస్తులో అబద్ధం రాయకండి, ఏజెంటును రాయనివ్వకండి. తప్పుడు సమాచారం ఇస్తే కెనడా 5 ఏళ్లు, బ్రిటన్ మోసంగా తేలితే 10 ఏళ్లు రానివ్వవు. లేని అనుభవం ఉన్నట్టు ఏజెంటు సృష్టించినా శిక్ష మీకే. ఫారం పంపే ముందు మొత్తం చదివి, పంపిన కాపీ తీసుకోండి. లాగిన్ వివరాల్లో మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబర్ ఉండాలి. ఏజెంటు ఈమెయిల్ మీద దరఖాస్తు పెడితే, తిరస్కరణ ఉత్తరం వచ్చినా మీకు తెలియదు.

విమానం ఎక్కేముందు పర్మిట్, కాంట్రాక్టు, స్పాన్సర్ వివరాలు, సర్టిఫికెట్లు, రసీదులు స్కాన్ చేసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి, ఇంకో సెట్ ఇంట్లో నమ్మకమైన మనిషికి ఇవ్వండి. ఫోన్ పోయినా, ఎవరైనా లాక్కున్నా అవి మిగులుతాయి.

దిగిన రోజు కార్డు చేతికి రాగానే, లేదా బ్రిటన్‌లోలాగా ఆన్‌లైన్ ఈ-వీసా అయితే ఖాతాలోకి వెళ్లి, పేరు, పుట్టిన తేదీ, వృత్తి, యజమాని పేరు, గడువు, పని మీద ఏవైనా ఆంక్షలు, ఒక్కొక్కటిగా చదవండి. తప్పుంటే ఆ వారంలోనే దిద్దించండి, తర్వాతైతే ఎవరు ఎవరికి చెప్పాలన్న దగ్గరే నెలలు గడిచిపోతాయి. గడువు తేదీకి 6 నెలల ముందు, 3 నెలల ముందు మోగేలా ఫోన్‌లో రెండు రిమైండర్లు పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ కంపెనీ బాధ్యతే అయినా గుర్తుచేయాల్సింది మీరే. మొదటి పే స్లిప్ రాగానే దాన్ని ఆఫర్ లెటర్ పక్కన పెట్టి మూల జీతం, భత్యాలు, కోతలు సరిచూడండి. అప్పటినుంచి ప్రతి నెల పే స్లిప్‌ను అదే ఫోల్డర్‌లో వేసుకుంటూ పోండి. కంపెనీ మారేటప్పుడు కొత్త యజమాని వైపు వాళ్లు అడిగే మొదటి కాగితాల్లో అవి ఉంటాయి.